ఇంటర్ కాదు, అయోవా

జూన్ 1న నా క్లాస్‌మేట్స్ అందరూ ఇంటర్‌లో చేరారు. అదే రోజు పొద్దున నేను సికింద్రాబాద్ మెట్టుగూడలో మా క్వార్టర్ వెనక కుళాయి దగ్గర కూర్చుని బోళ్లు తోమడం నేర్చుకుంటున్నాను. పదో తరగతి వరకు తిన్న ప్లేటు తీసి సింకులో పడేస్తే అదే గొప్ప. "సదువుకో బిడ్డా, బోళ్లు నేను జూసుకుంట" అని నానమ్మ, "ట్యూషన్‌కి టైమవుతోంది, నువ్వు పో" అని అమ్మ, ఇద్దరూ కలిసి నాకు ఏ పనీ రాకుండా చేశారు. ఆ సంగతి ఒక దరఖాస్తు ఫారం నింపుతుంటే బయటపడింది.

వచ్చే నెల, అంటే ఈ 2023 ఆగస్టులో, నేను అమెరికా వెళ్తున్నాను. చదువుకే, కానీ మన దగ్గర అమెరికా చదువంటే గుర్తొచ్చే చదువు కాదు. అయోవా రాష్ట్రంలో రెండు వేల మంది ఉండే ఒక ఊళ్లో, ఇంతవరకు ఫోన్‌లో తప్ప చూడని వాళ్లింట్లో, పది నెలలు వాళ్ల పిల్లలాగా ఉండాలి. అక్కడి హైస్కూల్‌కి వెళ్లాలి. వచ్చే జూన్‌లో బుద్ధిగా ఇంటికి తిరిగి రావాలి.

ఈ ప్రోగ్రాం పేరు కెన్నెడీ–లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ అండ్ స్టడీ. అందరూ 'యెస్' అంటారు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత, 2002లో అమెరికా విదేశాంగ శాఖ మొదలుపెట్టింది. ముస్లిం జనాభా బాగా ఉన్న దేశాల నుంచి హైస్కూల్ పిల్లల్ని తీసుకెళ్లి ఒక ఏడాది అక్కడి ఇళ్లలో ఉంచితే, ఒకరి గురించి ఒకరికి ఉన్న అపోహలు తగ్గుతాయని ఆలోచన. మన దేశం కూడా అందులో ఉంది, అన్ని మతాల పిల్లలూ రాసుకోవచ్చు. ఖర్చంతా వాళ్లదే.

'ఫ్రీ' అనే మాట దగ్గరే మా నాన్న ఆగిపోయారు. నాన్న లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాప్‌లో వెల్డర్. మరమ్మతుకొచ్చే రైలు బోగీలు ఆయన చేతుల మీదుగా బాగుపడి వెళ్తాయి. ఊరికే వచ్చేదేదైనా ఎక్కడో పగులు ఉండే ఉంటుందని ఆయన నమ్మకం. మా ఇంటికి వచ్చిన వాలంటీర్ అక్కని సూటిగా అడిగేశారు: "ఫ్రీగా తీసుకపోతే వాళ్లకేం వస్తదమ్మా?"

ఆ అక్క ఏఎఫ్‌ఎస్ కథ చెప్పింది. ఇక్కడ ఈ ప్రోగ్రాం నడిపేది ఆ సంస్థే. అది మొదట స్కూళ్ల సంస్థ కాదట. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, ఫ్రాన్స్‌లో గాయపడ్డ సైనికుల్ని మోసిన అమెరికన్ అంబులెన్స్ డ్రైవర్ల సంస్థ. రెండో యుద్ధం కూడా చూశాక, మనుషుల్ని గాయపడ్డాక మోయడం కంటే ముందే కలపడం మేలని 1947 నుంచి బడి పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపడం మొదలుపెట్టారు. నాన్న అంతా విని, "డ్రైవర్లు పెట్టిన్రా?" అన్నారు. ఆ తర్వాత ఇక అనుమానాలు అడగలేదు. పెద్దపెద్ద ఆఫీసర్లు పెట్టారని చెప్పుంటే నేనీపాటికి ఎంపీసీలో ఉండేదాన్నని నా గట్టి అనుమానం.

అమ్మకి వేరే బెంగ. నన్ను ఇంట్లో పెట్టుకునే కుటుంబానికి పైసా ఇవ్వరు. ఇవ్వకూడదని రూలే ఉంది. "డబ్బులివ్వకపోతే ఎందుకు పెట్టుకుంటారు? సరిగ్గా అన్నం పెడతారా?" అని రెండు రోజులు అదే మాట. దానికి జవాబు వాలంటీర్ అక్క దగ్గర కూడా సరిగ్గా దొరకలేదు. మంచం మీద కూర్చుని వక్కలు నములుతున్న నానమ్మ దగ్గర దొరికింది.

"మీ తాత జనగామల సదివినప్పుడు ఎవరింట్ల ఉన్నడు? మనోళ్లా ఏమన్నానా? రెండేండ్లు ఉన్నడు. పొద్దుగాల లేసి వాళ్ల బర్రెలకు గడ్డి ఏసిండు, నీళ్లు తెచ్చిండు. వాళ్లు బువ్వ పెట్టిన్రు. ఆయన సచ్చేదాక ఆ ఇంటామెను అమ్మ అనే పిల్సిండు." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గూడ పొయ్యి బర్రెలకు గడ్డి ఎయ్యి" అంది.

ఏడాదిగా ఎన్నో ఓరియంటేషన్లకి వెళ్లాను, ఎన్నో పీడీఎఫ్‌లు చదివాను. ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఇంటర్ గొడవ మాత్రం అంత తేలిగ్గా తీరలేదు. మన దగ్గర పదో తరగతి చదివే పిల్లలున్న ఇంటికి సంక్రాంతి నుంచే కాలేజీ పీఆర్వోల ఫోన్లు మొదలవుతాయని మీకు తెలుసు. మా అమ్మకి ఒకాయన వారానికి మూడుసార్లు చేసేవాడు. ఇప్పుడు సీటు రిజర్వ్ చేసుకుంటే ఫీజులో ఇంత తగ్గింపు, పరీక్షల తర్వాతైతే ఇంతే. మార్చిలో నా సెలక్షన్ ఖాయమయ్యాక అమ్మ ఆయనకి విషయం చెప్పింది. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "మేడమ్, ఒక ఇయర్ అంటే కాంపిటీషన్‌లో లక్ష మంది వెనక్కి" అన్నాడు. ఆ లక్ష మంది ఎవరో నాకిప్పటికీ తెలియదు గానీ అమ్మకి వాళ్లు ఆ రాత్రి కల్లోకి వచ్చారు.

నిజమే, ఏడాది పోతుంది. అక్కడ చదివింది ఇక్కడ ఇంటర్‌గా లెక్కకు రాదు. తిరిగొచ్చాక నాకంటే చిన్నవాళ్లతో కలిసి ఫస్టియర్‌లో కూర్చోవాలి. పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో ఈ సంగతి విన్న ప్రతి ఒక్కరూ అరచేయి నుదుటికి కొట్టుకున్నంత పని చేశారు. బాబాయ్ ఒక్కడే వేరే దారిలో ఆలోచించాడు. "పోయినంక ఏదో ఒకటి చేసి ఆడనే ఉండిపోతే అయిపాయె!" అన్నాడు. ఈ ప్రోగ్రాంలో జే-1 వీసా మీద వెళ్లినవాళ్లు తిరిగొచ్చి రెండేళ్లు సొంత దేశంలో గడపందే మామూలుగా హెచ్-1బి లాంటి ఉద్యోగ వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఇవ్వరని చెప్పాను. చదువు వీసాకి అడ్డులేదని కూడా చెప్పాను కానీ బాబాయ్ మొదటి సగం దగ్గరే ఉండిపోయాడు. "అంటే తిరిగొచ్చెటట్టు కట్టేసి పంపుతున్నరా?" అవును బాబాయ్. తాడు పొడుగ్గా వదిలారంతే.

ఇక ఫారం సంగతి. దరఖాస్తులో అన్నిటికంటే కష్టమైనది ఇంగ్లీష్ పరీక్ష కాదు, ఇంటర్వ్యూ కాదు. హోస్ట్ ఫ్యామిలీకి ఒక ఉత్తరం రాయాలి. మనల్ని ఎంచుకునే కుటుంబం మొదట చదివేది అదే. నేను ఒక గంటలో రాసి పడేశాను. 'నేను క్రమశిక్షణ గల విద్యార్థినిని, తొమ్మిదో తరగతిలో స్కూల్ సెకండ్ వచ్చాను, లెక్కలు నా అభిమాన సబ్జెక్టు, సైన్స్ ఫెయిర్‌లో జిల్లా స్థాయి బహుమతి...' వాలంటీర్ అక్క చదివి, కాగితం తిరిగి నా చేతికిచ్చింది. "మార్కులు తెలిశాయి. నువ్వు పొద్దున లేచి ఏం చేస్తావో తెలియలేదు. మీ ఇంట్లో ఏ పని నీది?"

ఏ పని నాది? ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. ఏదీ లేదు. నన్ను ఎవరు ఏమడిగినా ఒకటో క్లాసు నుంచి ఒకటే జవాబు చెప్తూ వచ్చాను: ఏ క్లాసు, ఎన్ని మార్కులు, ఎన్నో ర్యాంకు. చుట్టాలూ అంతవరకే అడిగేవారు. మార్కులు తీసేస్తే ఆ ఉత్తరంలో రాయడానికి 'డియర్ హోస్ట్ ఫ్యామిలీ' అన్న ఒక్క ముక్క మిగిలింది.

రెండోసారి రాయడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు మా ఇంటినే కొత్తగా చూశాను. గూడ్స్ బండి వెళ్తుంటే అల్మారాలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతాయి. మాకు ఎంత అలవాటంటే, బండి రాని రాత్రి మెలకువ వస్తుంది. నాన్న చొక్కాలకి నిప్పురవ్వలు పడి చిల్లులుంటాయి. అమ్మ వాటిని బయటికి కనిపించకుండా లోపలి నుంచి కుడుతుంది, ఇంకా పెద్దవైతే ఆ చొక్కా ఇల్లు తుడిచే గుడ్డ అవుతుంది. తమ్ముడూ నేనూ ఆదివారం మటన్‌లో మూలుగ బొక్క కోసం వంతులేసుకుంటాం, ఎవరి వంతో ఎప్పుడూ తేలదు. ఇవన్నీ రాశాను. చివర్లో 'నాకు ఇంటిపని రాదు, కానీ మీ ఇంటికి వచ్చేలోపు నేర్చుకుంటాను' అని రాశాను. ఆ ఒక్క వాక్యం వల్లే జూన్ 1న కుళాయి దగ్గర కూర్చోవాల్సి వచ్చింది.

ఉత్తరంతోపాటు ఫోటోలు పెట్టాలి. రోజూ మీరు ఎలా ఉంటారో చూపించే ఫోటోలు అన్నారు. ఇంట్లో ఆల్బములు దించాం. అత్త పెళ్లి, తమ్ముడి పుట్టువెంట్రుకలు, నా ఓణీల ఫంక్షన్ నలభై పేజీలు. అన్నిట్లోనూ పట్టుచీరలు, వరసగా నిలబడ్డ మనుషులు, ఎవరూ నవ్వరు. మామూలు రోజు ఫోటో ఒక్కటీ లేదు. ఫోన్‌లో చూస్తే గుడ్ మార్నింగ్ దేవుళ్లు, నా నోట్సుల ఫోటోలు.

సరే, తీద్దామని తమ్ముడికి ఫోనిచ్చాను. అమ్మ వంట చేస్తోంది. "నైటీలో ఫోటోనా! అమెరికా వాళ్లకా!" అని స్టవ్ కట్టేసి లోపలికి పరిగెత్తింది. ఇరవై నిమిషాల తర్వాత గద్వాల చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చి పప్పు తాలింపు పెట్టింది. ఆ ఫోటో పంపలేదు, కానీ ఫ్రేమ్ కట్టించాం. పంపింది రెండు. ఒకదాంట్లో నాన్న ముఖం మీద పేపర్ కప్పుకుని నిద్రపోతున్నారు. ఇంకోదాంట్లో నానమ్మ గడప మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. తల కూడా ఎత్తలేదు.

అయోవాలో నా హోస్ట్ మామ్ మొదటి వీడియో కాల్‌లో అడిగిన మొదటి ప్రశ్న: ఆ పెద్దావిడ చేతిలో ఉన్నదేంటి? స్కూల్ సెకండ్ సంగతి ఆవిడ ఇంతవరకు ఎత్తలేదు.

ఓరియంటేషన్లో నేర్పినవాటిలో నాకు బాగా కష్టమైంది 'వద్దు'. మనింట్లో 'వద్దు' అంటే అది మొదలు మాత్రమే. వడ్డించేవాళ్లు బతిమాలాలి, మనం చేయి అడ్డం పెట్టాలి, వాళ్లు ఆ చేతి పక్కనుంచి వెయ్యాలి, మనం తినాలి. ఒక్కసారి అడిగి ఊరుకున్న ఇంటికి మళ్లీ వెళ్లం. అక్కడ ఒక్కసారే అడుగుతారట. వద్దంటే వద్దే. మర్యాదకి 'నో థాంక్స్' అని ఆకలితో పడుకున్న పిల్లల కథలు మాకు ముందు వెళ్లొచ్చినవాళ్లు బోలెడు చెప్పారు. మా చేత నాటకం వేయించారు. ఒకమ్మాయి హోస్ట్ మామ్, నేను నేను. "ఇంకొంచెం కావాలా?" అంది. నోరు తెరిచి 'కావాలి' అనడానికి నాకు మూడు టేకులు పట్టింది. అడగ్గానే కావాలంటే తిండి మొహం వేసుకొచ్చిందనుకుంటారేమో అని లోపల అమ్మ గొంతు వినబడుతూనే ఉంది. ఇంటికొచ్చి అమ్మ మీద ప్రాక్టీస్ చేశాను. వద్దన్నాను. అమ్మ వేసేసింది. ఇక్కడ ఇది నేర్చుకోవడం కుదరదు.

తిండి కాలమ్‌లో ఏమేం తినవో రాయమన్నారు. పట్టింపులు పెరిగేకొద్దీ కుటుంబం దొరకడం ఆలస్యమవుతుందని ముందే చెప్పారు. చికెన్, మటన్, గుడ్డు, చేప తింటాను, బీఫ్ తినను అని రాశాను. శనివారం నానమ్మతోపాటు నేనూ ఒక్కపొద్దుంటాను. దాన్నెలా రాయాలో తెలియక, రాయకుండా వదిలేశాను. నానమ్మే తేల్చింది: "ఆడ నీకు శనివారం వచ్చేసరికి నాకు సగం అయిపోతది. నీది గూడ కలిపి నేనే ఉంట తియ్యి."

రూల్స్ చాలా ఉన్నాయి గానీ అందరిచేతా బట్టీ పట్టించేవి మూడు. డ్రైవింగ్ చేయకూడదు, మత్తు పదార్థాలు ముట్టకూడదు, రోడ్డు మీద లిఫ్ట్ అడగకూడదు. వీటిలో ఏది తప్పినా తిరుగు టికెట్టే. మూడోది విని తమ్ముడు ఆశ్చర్యపోయాడు. వాడు రోజూ తార్నాక నుంచి ఇంటికి వచ్చేదే లిఫ్ట్ మీద.

టీకాల దగ్గర ఒక చిన్న ప్రహసనం నడిచింది. అక్కడ స్కూల్లో చేరాలంటే టీకాల రికార్డు తప్పనిసరి. పోలియో, ఎమ్మెమ్మార్, హెపటైటిస్ బి వరకు నా చిన్నప్పటి కార్డు మీద ఉన్నాయి. చికెన్‌పాక్స్ లేదు. మన ప్రభుత్వం వేసే టీకాల్లో అది లేదు. "అది దానికి ఎందుకు? దానికి రెండో క్లాసుల ఆటలమ్మ పోసింది. నేనే వేపాకులల్ల పండబెట్టిన" అని నానమ్మ. డాక్టర్ గారు, "మరి ఏ డాక్టర్‌కి చూపించారు? కాగితం ఏదైనా ఉందా?" అని అడిగారు. ఆటలమ్మ పోస్తే డాక్టర్ దగ్గరికి ఎవరు పోతారు? కాగితం లేకపోతే రెండు దారులు: నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు వేయించుకోవడం, లేదా రక్తంలో యాంటీబాడీలున్నాయో లేవో చూపించడం. పరీక్షే చేయించాం. ఉన్నాయి. రిపోర్ట్ నానమ్మకి చదివి వినిపించాను. "మిషిని గూడ జెప్పిందా? నేను జెప్తే నమ్మలే" అంది. ఆ రిపోర్ట్ జిరాక్స్ ఒకటి ఆవిడ ట్రంకుపెట్టెలో దాచుకుంది.

వీసా పని మాత్రం చకచకా అయిపోయింది. మెట్టుగూడలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగితే అక్కడే వేలిముద్రలు. ఇంకో రోజు నానక్‌రామ్‌గూడలో ఇంటర్వ్యూ. కాన్సులేట్ ఈ మార్చిలోనే బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి అక్కడికి మారింది. అమ్మ ముందుగానే చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసొచ్చింది, పనైతే నూట ఎనిమిది చేస్తానని మొక్కింది. లైన్లో అందరూ ఎంఎస్‌కి వెళ్లే అన్నలు, అక్కలు. చేతుల్లో లావుపాటి ఫైళ్లు, బ్యాంకు కాగితాలు, ముఖాల్లో టెన్షన్. నా చేతిలో పాస్‌పోర్టు, ప్రోగ్రాం వాళ్లు పంపిన డీఎస్-2019 ఫారం, ఇంకో రెండు కాగితాలు. వెనకాల అక్క ఒకామె "ఏ యూనివర్సిటీ చెల్లీ?" అంది. "హైస్కూల్ అక్కా" అన్నాను. "అక్కడ టెన్త్ మళ్లీ చదవాలా?" అని పాపం చాలా బాధపడింది.

కిటికీ అవతల ఆయన మూడు ప్రశ్నలు అడిగారు. అందులో ఒకటి, మీ నాన్న ఏం చేస్తారు? రైలు బోగీలకి వెల్డింగ్ చేస్తారని చెప్పాను. ఏ బోగీలకి అని అడిగారు! అది ఆయన డ్యూటీ ప్రశ్నో సరదా ప్రశ్నో తెలియదు గానీ నాకు తెలిసినంతా చెప్పాను. బయటికొచ్చి నాన్నకి ఆ సంగతి చెప్తే, వీసా వచ్చిందా అని అడగడం మర్చిపోయారు. నూట ఎనిమిదిలో యాభై అమ్మ, యాభై ఎనిమిది నేను చేశాం.

ఎక్కడికి వెళ్తామో మనం ఎంచుకోవడం ఉండదు. న్యూయార్క్ వస్తుందనో కాలిఫోర్నియా వస్తుందనో అందరూ అనుకుంటారు. నాకు అయోవా వచ్చింది. మ్యాప్‌లో చూస్తే అమెరికాకి సరిగ్గా నడుమ. తమ్ముడు గూగుల్లో ఫోటోలు వెతికి, "అక్కా, ఊరు లేదు, అన్నీ మక్కచేలే" అన్నాడు. అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ మక్కజొన్న పండేది అక్కడే. ఈ మాట విన్నప్పటి నుంచి నానమ్మకి ఆ రాష్ట్రం సొంతమైపోయింది. జనగామ దగ్గర మాకున్న రెండెకరాల ఇరవై గుంటల్లో నానమ్మ నలభై ఏళ్లు వేసింది మక్కలే.

వీడియో కాల్‌లో నానమ్మ ప్రశ్నలు, నా అనువాదం. హోస్ట్ డాడ్ ధాన్యం కొని నిల్వచేసే సహకార సంఘంలో పని చేస్తారు. వాళ్ల తమ్ముడు ఆరువందల ఎకరాలు సాగు చేస్తాడు. ఆరువందలు అనగానే నేను తప్పు చెప్తున్నానని నానమ్మ రెండుసార్లు మళ్లీ అడిగించింది. "మరి గన్ని మక్కలు ఎక్కడ ఎండబోస్తరు? రోడ్డు సరిపోతదా?" ఆయనకి రోడ్డు ఎందుకో అర్థం కాలేదు. మా దగ్గర రైతులు మక్కలు తారురోడ్డు మీద ఎండబోస్తారని చెప్పాక, ఫోన్ పట్టుకుని బయటికి నడిచి వెండి రంగు రేకుతో చేసిన పెద్ద పెద్ద గుండ్రటి నిల్వగదులు చూపించారు. కింద నుంచి వేడిగాలి పంపి అందులోనే ఆరబెడతారట. "ఇనుప గుమ్మి" అని నానమ్మ వెంటనే పేరు పెట్టేసింది. "కైకిలోళ్లు ఎంతమంది?" ఆయన తమ్ముడు, తమ్ముడి కొడుకు, రెండు మిషన్లు. అంతే. నానమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగింది, "మరి చేన్ల మాట్లాడెటోళ్లెవరు?"

నేను ఆ ప్రశ్న అనువాదం చేయలేదు. చేయడం రాలేదు.

బతుకమ్మ గురించి కూడా అప్పుడే మాటొచ్చింది. నవంబర్‌లో ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ వీక్ ఉంటుంది, యెస్ పిల్లలందరూ అక్కడి స్కూళ్లలో తమ ఊరి గురించి చెప్పాలి. నేను బతుకమ్మ పేర్చి చూపిద్దామనుకున్నాను. కానీ అప్పటికి అక్కడ మంచు పడిపోతుంది, పూలుండవు. కాబట్టి ఇక్కడి పండగ రోజుల్లోనే, అక్టోబర్‌లో, వాళ్ల పెరట్లో దొరికినవాటితో పేర్చి ఫోటోలు తీసి దాచుకోవాలి. తంగేడు దొరకదు. బంతి దొరుకుతుంది. గునుగు కోసం వెతికితే తెలిసింది, సెలోషియా అని అక్కడి నర్సరీల్లో కుండీల్లో పెట్టి అమ్ముతారు. మన చేలల్లో కలుపని పీకి పారేసేదే. "గునుగుకు పైసలిస్తరా?" అని నానమ్మ ఆ రోజంతా ఇరుగుపొరుగుకి చెప్పుకుని నవ్వింది. మర్నాడు కొంగున గునుగు గింజలు ముడేసి తెచ్చి నా చేతిలో పెట్టింది. విత్తనాలు అలా తీసుకెళ్లనివ్వరు, పచ్చి కరివేపాకు కూడా నిషేధమే, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారని చెప్పాల్సి వచ్చింది. అదొక్కటే ఆవిడకి ఈ ప్రోగ్రాం మీద ఉన్న కోపం.

జూలై మొదటి వారంలో అక్కడి స్కూల్ కౌన్సెలర్ సబ్జెక్టుల జాబితా పంపింది. ఇంగ్లీష్, అమెరికా చరిత్ర తీసుకోవాల్సిందే. మిగతావి మన ఇష్టం. బ్యాండ్, కుట్టు, వంట, బొమ్మలు, వెల్డింగ్. వెల్డింగ్ అన్న పదం దగ్గర రెండుసార్లు చదివాను. హైస్కూల్లో, ఆడపిల్లలు మగపిల్లలు అందరికీ. టిక్ పెట్టేశాను.

నాన్నకి చెప్పడానికి నాలుగు రోజులు భయపడ్డాను. చెప్పాక ఆయన మొదట నవ్వారు. "లాలాగూడ ఇక్కడ కూతవేటు దూరం. వెల్డింగ్ కోసం ఏడు సముద్రాలు దాటి పోవాల్నా?" తర్వాత సీరియస్ అయ్యారు. నన్ను ఆ పని నుంచి దూరంగా ఉంచడానికే కదా ఇన్నాళ్లూ చదివించింది. ఆ రాత్రి ఇంకేమీ అనలేదు. మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ తన పాత లెదర్ గ్లోవ్స్ తెచ్చి టేబుల్ మీద పెట్టారు. "ఆడ మంచివిస్తరో లేదో. పొడి గ్లోవ్స్ తప్ప తడివి తొడుక్కోకు. కళ్లద్దాలు లేకుండా పక్కనోడి మంట కూడా చూడకు." అవి నా చేతికి రెండింతలున్నాయి.

కుక్క సంగతి కూడా చెప్పాలి. వాళ్లింట్లో ఒకటుంది, నా అంత బరువు ఉంటుందేమో. నాకు ఆరేళ్లప్పుడు మా గల్లీలో కుక్క కరిచింది. అప్పటినుంచి ఎదురుగా కుక్క వస్తే నేను పక్క గల్లీ. ఈ జూన్ నుంచి రోజూ సాయంత్రం ఎదురు క్వార్టర్ ఆంటీ వాళ్ల టామీ పక్కన పది నిమిషాలు కూర్చుంటున్నాను. మొదటి వారం అది గేటు లోపల, నేను బయట. ఇప్పుడు ఇద్దరం ఒకే మెట్టు మీద. ముట్టుకోవడం ఇంకా కాలేదు.

ఫోన్ల గురించి పెద్ద ఒప్పందం కుదిరింది. రోజూ ఇంటికి ఫోన్ చేస్తే మనసు ఇక్కడే ఉండిపోతుందని, వారానికి ఒకసారి చాలని వెళ్లొచ్చినవాళ్ల సలహా. అమ్మ రోజూ అంది, నేను వారానికోసారి అన్నాను, బుధ, ఆదివారాల దగ్గర తెగింది. అక్కడికీ మనకీ పదిన్నర గంటల తేడా. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు పదకొండున్నర. గడియారం తిప్పడమేంటో నానమ్మకి చెప్పలేక, హాల్లో ఇంకో గోడ గడియారం కొని పెట్టాం. దాని కింద తమ్ముడు స్కెచ్ పెన్‌తో 'అక్క' అని రాశాడు.

మొన్న సూట్‌కేసు సర్దాం. చలికోటు లేదు. జనవరిలో అక్కడ మైనస్ ఇరవై దాకా పోతుంది, కానీ కోఠిలో స్వెటర్లమ్మే టిబెటన్లు నవంబర్ దాకా రారు. ఇక్కడివి ఆ చలికి ఆగవు, ఏమీ కొనొద్దు, మా పెద్దమ్మాయి కోటుంది అని హోస్ట్ మామ్ చెప్పింది. కానుకగా నానమ్మ ఊరికి దగ్గర్లోని చేర్యాల నుంచి ఒక నకాషీ బొమ్మ, ఒక పోచంపల్లి టేబుల్ గుడ్డ. బతుకమ్మకి ఇత్తడి తాంబాళం. సీలు వేయించిన మామిడికాయ పచ్చడి, కారప్పొడి. నాన్న గ్లోవ్స్.

బరువు చూడ్డానికి ఇంట్లో కాంటా లేదు. గల్లీలోకి వచ్చిన పాత ఇనుప సామాన్ల అతన్ని ఆపి, అతని కాంటాకి సూట్‌కేసు తగిలించాం. ఇరవై అయిదు కిలోల ఎనిమిది వందలు. "ఎంతకిస్తరమ్మా?" అన్నాడతను. ఇరవై మూడు దాటకూడదు. అక్కడే మెట్ల మీద సూట్‌కేసు తెరిచాం, గల్లీ అంతా చుట్టూ మూగింది. తాంబాళం తీస్తే నానమ్మ ఊరుకోదు. పచ్చడి తీస్తే అమ్మ ఊరుకోదు. అడుగునుంచి ఒక్కొక్కటీ తీస్తుంటే టవల్‌లో చుట్టిన ఒక బరువైన మూట దొరికింది. విప్పితే తెలుగు అకాడమీ మ్యాథ్స్ 1ఎ.

అమ్మ వైపు చూశాను. అమ్మ టామీ వైపు చూస్తోంది.

"ఖాళీ టైమ్‌లో చూసుకుంటావని" అంది.

1ఎ బయటికి వచ్చింది. ఇంకో రెండు కిలోలు తగ్గించాలి, ఏం తీయాలో తెలియక మూత పెట్టేశాం. రాత్రి అందరూ పడుకున్నాక జిప్పు లోపలి అర తడిమి చూస్తే 1బి దొరికింది. దాంతోపాటు ఒక చిన్న గుడ్డ ముడి. విప్పకుండానే అవి గునుగు గింజలని తెలిసిపోయింది.